నర్సులకు, సీహెచ్‌ఓలకు ఇంటర్‌పర్సనల్ థెరపీ శిక్షణ: ఐదు రోజుల తరగతుల తర్వాత ఏమిటి?

తూర్పుకనుమ
సోమవారం, ఉదయం 6:50

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. కుంగుబాటు, ఆందోళనలతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారికి మాటల చికిత్స కూడా అక్కడే అందాలని, అందుకోసం స్టాఫ్ నర్సులకు, సీహెచ్‌ఓలకు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లకు) ఇంటర్‌పర్సనల్ థెరపీ నేర్పాలని ఒక ప్రతిపాదన నడుస్తోంది. శిక్షణ ముసాయిదా రాసే పని నాకు అప్పగించారు. ఐదు రోజుల తరగతులకు డబ్బు ఉంది. ఆరో రోజు నుంచి ఏం చేయాలన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఈ చికిత్స గురించి తెలియని సభ్యుల కోసం నాలుగు ముక్కలు. క్లుప్తంగా ఐపీటీ అంటాం. జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్మన్, వారి సహచరులు 1970ల్లో అమెరికాలో దీనికి రూపం ఇచ్చారు. పూర్తి చేతిపుస్తకం 1984లో వచ్చింది. చిన్నతనం దాకా వెళ్లి మూలాలు తవ్వడం ఇందులో ఉండదు. కుంగుబాటు మొదలైన రోజుల్లో ఆ మనిషి చుట్టూ ఏం మారింది, ఎవరు దూరమయ్యారు, ఎవరితో చెడింది అన్నదాన్నే పట్టుకుంటాం. ఆత్మీయుల మరణం, దగ్గరివాళ్లతో విభేదం, జీవితంలో పెద్ద మార్పు, ఒంటరితనం అనే నాలుగింటిలో ఒకటి, మహా అయితే రెండు ఎంచుకుని దాని మీదే పనిచేస్తాం. విడిగా ఒక్కొక్కరితో చేసేటప్పుడు మామూలుగా 12 నుంచి 16 సెషన్లు, వారానికి ఒకటి. ఎన్ని వారాలన్నది మొదటే చెప్పి, చెప్పిన చోట ముగిస్తాం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నర్సు తన మొదటి రోగితో కూర్చున్న రోజే అసలు శిక్షణ మొదలవుతుంది. ఆ రోజు నుంచి కొన్ని నెలల పాటు ఆమె పనిని వినేవారు, దిద్దేవారు ఒకరు ఉండాలి. పైవాళ్లను దీనికి ఒప్పించాలి. అనుభవం ఉన్నవారు చెప్పండి: ఆ ఐదు రోజుల్లో ఏం పెట్టాలి, ఏం వదిలేయాలి, తర్వాత పర్యవేక్షణ ఎలా నడపాలి?

రాత్రిడ్యూటీ
సోమవారం, ఉదయం 9:15

పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సును. శిక్షణ అంటే మాలో చాలామందికి ముందు వచ్చేది భయం. బీపీ, షుగర్ సర్వే మేమే, టీకాలు మేమే, కాన్పులు మేమే, సాయంత్రానికి ఆ ఎంట్రీలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించేదీ మేమే. ఇప్పుడు ఒక్కో మనిషితో ముప్పావుగంట కూర్చోమంటే ఆ సమయంలో నా కౌంటరు ఎవరు చూస్తారు? ముసాయిదాలో ఇది రాయకపోతే మిగతాదంతా ఎంత బాగా రాసినా కాగితంగానే మిగులుతుంది.

అయినా నేర్చుకోవాలనే ఉంది. ఎందుకో చెబుతాను. ఒళ్లునొప్పులు, నీరసం, గుండెదడ అంటూ నెలనెలా వచ్చే ఆడవాళ్లు ఉన్నారు. రక్తపరీక్షలు బాగానే ఉంటాయి. బి-కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చి పంపేస్తాం. వాళ్లు మళ్లీ వస్తారు. మందుల చీటీ తీసుకున్నాక కూడా కదలకుండా నిలబడతారు, ఇంకేదో చెప్పాలని. ఆ నిలబడ్డ మనిషిని ఏం అడగాలో మాకు ఎవరూ నేర్పలేదు.

సైకియాట్రీపీజీ
సోమవారం, మధ్యాహ్నం 1:30

నాకు కొన్ని గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. తప్పుగా తీసుకోవద్దు.

మొదటిది రోగనిర్ధారణ. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బైపోలార్ రుగ్మతలో (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) వచ్చే కుంగుబాటు, మద్యం వల్ల వచ్చేది, ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఐదు రోజుల శిక్షణతో వీటిని విడదీయడం కష్టం. బైపోలార్ ఉన్న మనిషికి మందు లేకుండా మాటలతో మూడు నెలలు గడిపితే జరిగే నష్టానికి ఎవరు బాధ్యులు?

రెండోది తీవ్రత. తిండీ నిద్రా మానేసి, చనిపోవాలన్న ఆలోచనలో ఉన్న మనిషికి ముందు డాక్టరు కావాలి, మందు కావాలి. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 250 మందితో జరిపి 1989లో ప్రచురించిన అధ్యయనంలో కూడా తీవ్రమైన కుంగుబాటులో ఇమిప్రమిన్ మందుదే స్పష్టమైన పైచేయి.

మూడోది ‘థెరపీ’ అన్న పేరు. సర్టిఫికెట్ చేతికి రాగానే ఊళ్లో బోర్డు కట్టేవాళ్లు తయారవుతారు.

తూర్పుకనుమ
సోమవారం, రాత్రి 8:20

డాక్టరు గారూ, మూడూ న్యాయమైనవే. మొదటిదానికి నా సమాధానం: నిర్ధారణ నర్సు చేయకూడదు. ఆమె కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి అడుగుతుంది, స్కోరు 10 గానీ అంతకు మించి గానీ వస్తే మెడికల్ ఆఫీసరు చూస్తారు, అనుమానం ఉంటే జిల్లా ఆసుపత్రి సైకియాట్రిస్టుకు పంపుతారు. ఆ తర్వాతే ఐపీటీ. తొమ్మిదో ప్రశ్న, అంటే చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించిన ప్రశ్నకు ‘అవును’ అన్న ఎవరినైనా అదే రోజు డాక్టరు చూడాలి, మొత్తం స్కోరు ఎంత తక్కువైనా సరే.

రెండోదానికి చిన్న చేర్పు. మీరు చెప్పిన 1989 అధ్యయనంలోనే తీవ్రమైన కేసుల్లో ఐపీటీకి కూడా కొంత ఫలితం కనిపించింది. అయినా మన కేంద్రాల్లో దాన్ని తీవ్రమైన కేసులకు ఏకైక చికిత్సగా వాడాలని నేను అడగను. మందుతో పాటు సాగవచ్చు.

అయితే ఒక విషయం మరచిపోవద్దు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు గానీ, ఇక్కడ పరిస్థితి ఎంతో మెరుగని నమ్మడానికి నాకు కారణం కనిపించడం లేదు. నర్సు చేసే పనిని సైకియాట్రిస్టు చేసే పనితో పోల్చి చూస్తున్నాం. ఆ ఊళ్లో ప్రస్తుతం దొరుకుతున్నది ఏమీ లేనితనం. పోలిక దానితో జరగాలి.

లీడ్స్‌తెలుగు
సోమవారం, రాత్రి 11:45

ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ మాటల చికిత్స సేవల్లో పనిచేస్తున్నాను. ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో ఇక్కడ చెప్పే సంస్థ నైస్. కుంగుబాటుకు దాని మార్గదర్శకాలు సూచించే చికిత్సల్లో ఐపీటీ ఒకటి. కొద్ది రోజుల తరగతులు అందరికీ ఉంటాయి. కానీ తరగతులకు హాజరైనంత మాత్రాన ఎవరినీ ఐపీటీ ప్రాక్టీషనర్‌గా గుర్తించరు. పర్యవేక్షకుల కింద పూర్తి కేసులు చేయాలి, రోగి అనుమతితో సెషన్లు రికార్డు చేసి ఇవ్వాలి, పర్యవేక్షకులు వాటిని విని నిర్ణీత కొలమానంతో మార్కులు వేస్తారు.

ఆ రికార్డింగులు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మనం ఏం చేశామో మనం చెప్పేది ఒకటి, నిజంగా చేసింది మరొకటి. ‘నేను వింటూనే ఉన్నాను’ అని శిక్షణార్థి నమ్మకంగా చెబుతారు. రికార్డింగులో చూస్తే రోగి ఏడుపు మొదలుపెట్టిన వెంటనే వారు మాట మార్చేసి ఉంటారు. ఎదుటివారి ఏడుపు భరించడం అందరికీ కష్టమే. అది ఎవరో ఒకరు విని చూపిస్తే తప్ప మనకు కనబడదు. మీ ముసాయిదాలో ఒక్క అంశం కోసమే పోట్లాడగలిగితే దీని కోసం పోట్లాడండి.

మంజీరతీరం
మంగళవారం, ఉదయం 7:10

మెడికల్ సోషల్ వర్కర్‌ను, నర్సింగ్ విద్యార్థులకు కౌన్సెలింగ్ పాఠాలు కూడా చెబుతాను. ఐదు రోజుల్లో ఏం పెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు: సిద్ధాంతం ఒక పూట చాలు. మిగతా సమయమంతా ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడించాలి. సూది వేయడం ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు కదా.

మా తరగతిలో తరచూ చేయించే ఒక అభ్యాసం రాస్తున్నాను. ఒక విద్యార్థిని కోడలి పాత్ర, మరొకరు నర్సు పాత్ర. కోడలి ఫిర్యాదు: ‘ఆయన నా మాట అసలు వినరు.’

మొదటిసారి నర్సు పాత్రలో ఉన్న అమ్మాయి వెంటనే అంటుంది: ‘మగవాళ్లు అంతేనమ్మా, నువ్వే కాస్త సర్దుకుపోవాలి. పిల్లల్ని చూసుకో, అన్నీ అవే కుదురుకుంటాయి.’ ఎంతో ప్రేమగానే అంటుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు మనకు చెప్పిన మాటే అది. కానీ ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. కోడలి పాత్రలో ఉన్న అమ్మాయి ‘సరే మేడమ్’ అని తల దించుకుంటుంది.

రెండోసారి సలహా ఇవ్వడాన్ని నిషేధిస్తాను. అప్పుడు ఇలా నడుస్తుంది:

‘చివరిసారి ఎప్పుడు జరిగింది?’
‘ఆదివారం.’
‘ఆ రోజు ముందు ఎవరు మాట్లాడారు?’
‘నేనే. పుట్టింటికి వెళ్లి వస్తానన్నాను.’
‘మీరు అన్న మాట అన్నట్టే చెప్పండి.’
‘నన్నెప్పుడైనా ఎక్కడికైనా పంపారా అన్నాను.’
‘ఆయన?’
‘ఫోను చూసుకుంటూ, నీ ఇష్టం అన్నారు.’
‘అది విన్నప్పుడు మీకు ఏమనిపించింది?’
‘నేను ఉన్నా లేకపోయినా ఒకటే అనిపించింది.’
‘ఆ మాట ఆయనకు చెప్పారా?’
‘లేదు. వంటింట్లోకి వెళ్లిపోయాను. రెండు రోజులు అన్నం సహించలేదు.’

ఇక్కడ తరగతి అంతా నిశ్శబ్దమైపోతుంది. వెళ్లి వస్తానన్న కోరిక ఫిర్యాదులా బయటికి వచ్చింది, ‘నీ ఇష్టం’ అన్న మాట తిరస్కారంలా చెవిన పడింది, అసలు బాధ ఎవరికీ చెప్పకుండా కడుపులో ఉండిపోయింది. ఐపీటీలో దీన్ని సంభాషణ విశ్లేషణ అంటారు. దీని తర్వాతే ‘ఇంకోలా ఎలా అడగవచ్చు, ఎప్పుడు అడగవచ్చు, ముందు ఎవరితో చెప్పించవచ్చు’ అన్న ప్రశ్నలు, ఆపైన దాన్ని నర్సు ముందే ఒకసారి అని చూడటం. ఆ అడిగే తీరు రోగి నోటి నుంచి రావాలి, నర్సు అందించకూడదు.

సలహా ఇవ్వకుండా పది నిమిషాలు ఉండటం అందరికంటే మా నర్సులకే కష్టం. వాళ్లు రోజంతా చేసేది సూచనలు ఇవ్వడమే కదా: మాత్ర రాత్రి వేసుకో, ఉప్పు తగ్గించు, వారానికి మళ్లీ రా. వాళ్లలో ఏ లోపమూ లేదు, వృత్తి నేర్పిన అలవాటు అది. దాన్ని పక్కన పెట్టడానికి ఐదు రోజులు మొదలు మాత్రమే.

రాత్రిడ్యూటీ
మంగళవారం, ఉదయం 10:05

మంజీరతీరం గారూ, ‘సర్దుకుపోవాలి’ అన్న మాట నేను రోజూ అంటాను. ఇకనుంచి ‘మీరు అన్న మాట అన్నట్టే చెప్పండి’ అన్న ప్రశ్న అడిగి చూస్తాను. దానికి ముప్పావుగంట అక్కర్లేదు కదా.

తూర్పుకనుమ
మంగళవారం, మధ్యాహ్నం 2:40

నిపుణులు కానివారికి ఐపీటీ నేర్పిన అనుభవాల్లో నేను ముసాయిదాకు వాడుకుంటున్నవి ఇవి.

ఉగాండా నైరుతి ప్రాంతంలో మసాకా, రకాయ్ జిల్లాల్లో 30 గ్రామాలు తీసుకుని అధ్యయనం చేశారు. ఫలితాలు 2003లో వచ్చాయి. బృందాలను నడిపినవారు స్థానిక యువతీ యువకులు, మానసిక ఆరోగ్యంలో ముందు అనుభవం లేనివాళ్లు. వారికి రెండు వారాల శిక్షణ. తర్వాత 16 వారాలు, వారానికి గంటన్నర చొప్పున, ఆడవాళ్లకు వేరుగా మగవాళ్లకు వేరుగా బృందాలు. మొదట్లో రెండు వైపులా ఎక్కువమందికి కుంగుబాటు ఉంది: చికిత్స పొందినవారిలో 86 శాతం, పొందనివారిలో 94 శాతం. చివరికి చికిత్స పొందినవారిలో 6.5 శాతం, పొందనివారిలో 54.7 శాతం. ఇంత తేడా రావడం వెనుక ముందస్తు పని చాలా ఉంది. ఆ ఊళ్లలో జనం బాధను ఎలా చెప్పుకుంటారో ముందు అడిగి తెలుసుకున్నారు. చనిపోయినవారి గురించి చెడుగా మాట్లాడకూడదన్నది అక్కడి ఆచారం కాబట్టి మరణదుఃఖం గురించిన ప్రశ్నలను దానికి తగ్గట్టు మార్చుకున్నారు. ఈ పట్టింపు మనకూ ఉంది.

అయితే అదే దేశపు ఉత్తర ప్రాంతంలో, యుద్ధం వల్ల శిబిరాల్లో ఉన్న కౌమార వయస్కులతో చేసిన అధ్యయనంలో (2007) అమ్మాయిలకు మేలు జరిగింది, అబ్బాయిల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒకచోట పనిచేసింది కదా అని అందరికీ అలాగే పనిచేస్తుందని రాయకూడదు.

మన దేశంలో దగ్గరి ఉదాహరణ గోవా. విక్రమ్ పటేల్ బృందం 24 ప్రాథమిక వైద్య కేంద్రాల్లో చేసిన మానస్ అధ్యయనం 2010లో వచ్చింది. వైద్యరంగ నేపథ్యం లేని స్థానిక మహిళలకు రెండు నెలల శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా పెట్టారు. అందరికీ ఐపీటీ ఇవ్వలేదు. ముందు అందరికీ జబ్బు గురించి వివరించడం, ఉపశమనం కలిగించే మెలకువలు. ఆపైన అవసరమైనవారికి డాక్టరు మందు లేదా ఐపీటీ. వెనుక సైకియాట్రిస్టు. ప్రభుత్వ కేంద్రాల్లో, రోగనిర్ధారణ జరిగినవారిలో ఆరు నెలలకు కోలుకున్నవారు 65.9 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 42.5 శాతం. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం తేడా కనిపించలేదు.

ఉగాండాలో రెండు వారాలు, గోవాలో రెండు నెలలు. మనకు ఐదు రోజులు. పైవాళ్ల ముందు నేను పెట్టబోయే మొదటి పోలిక ఇదే.

సైకియాట్రీపీజీ
మంగళవారం, సాయంత్రం 6:30

గోవా నమూనా నాకు నచ్చింది. అక్కడ డాక్టరు, కౌన్సెలర్, సైకియాట్రిస్టు ముగ్గురూ ఒకే గొలుసులో ఉన్నారు. నా అభ్యంతరం నర్సుల మీద కాదు, గొలుసు లేకుండా నర్సును ఒంటరిగా వదిలేయడం మీద. అయితే ఆ బృందమే తర్వాత కుంగుబాటుకు ఇంకా సరళమైన చికిత్స వైపు మళ్లింది: మనిషిని మెల్లగా మళ్లీ పనుల్లోకి, ఇష్టాల్లోకి తీసుకురావడం మీద ఆధారపడినది, 6 నుంచి 8 సెషన్లు. మధ్యప్రదేశ్‌లోని సెహోర్ జిల్లాలో ఆశా కార్యకర్తలకు నేర్పడానికి ఎంచుకున్నదీ దాన్నే. మరి మనం ఐపీటీయే ఎందుకు పట్టుకోవాలి?

మంజీరతీరం
మంగళవారం, రాత్రి 9:00

అది కూడా మంచి చికిత్సే, నేర్పడం తేలిక, ఒప్పుకుంటాను. ఆశా కార్యకర్తలకైతే నేనూ దాన్నే సూచిస్తాను. కానీ మా వార్డులో వినిపించే కథల్లో ఎక్కువ భాగం మనుషుల మధ్యవే. భర్త గల్ఫ్‌కు వెళ్లాక అత్తమామలు, అప్పులు, పిల్లల చదువు అన్నీ మీద పడ్డ జగిత్యాల వైపు ఆడవాళ్లు. అక్కడి నుంచి తిరిగొచ్చాక ఇంట్లో తన స్థానం ఏమిటో తెలియక తడబడే మగవాళ్లు. కాన్పుకు పుట్టింటికి వచ్చి, తల్లి చేతి మీద నెలలు గడిపి, పసిబిడ్డతో అత్తవారింటికి వెళ్లిన వారానికే నిద్రపట్టక, ఊరికే ఏడుస్తున్న బాలింతలు. వీళ్లను ‘రోజూ కాసేపు నడవండి’ అంటూ మొదలుపెట్టడం కంటే ‘మీ జీవితం ఎక్కడ మలుపు తిరిగింది’ అని మొదలుపెడితే త్వరగా తలుపు తెరుస్తారు. ప్రసవానంతర కుంగుబాటులో ఐపీటీ పనిచేస్తుందని 2000లోనే 120 మంది తల్లులతో అమెరికాలో చేసిన అధ్యయనం చూపింది. కాన్పుల గది, టీకాల గది రెండూ నర్సుల చేతిలోనే ఉన్నాయి కదా, బాలింతలతో మొదలుపెడితే ఎలా ఉంటుంది?

గడపలోదీపం
మంగళవారం, రాత్రి 11:20

నేను వైద్యరంగం మనిషిని కాదు. మా అక్క కుంగుబాటుతో రెండేళ్లు తిరిగింది కాబట్టి రాస్తున్నాను. మందులు వాడాం, అవి కొంత సాయం చేశాయి. కానీ ఇంట్లో అందరూ ‘బద్ధకం’, ‘మొండితనం’ అనేవారు. ఒక కౌన్సెలర్ గారు మొదటి రోజే మా బావగారిని పిలిచి, ‘ఇది జబ్బు. జ్వరంలో ఉన్న మనిషిని పొలానికి పంపరు కదా. కొన్ని వారాలు ఇంటి పని మీరంతా పంచుకోండి. ఆమె పని కోలుకోవడం’ అన్నారు. మా అక్క ముఖంలో ఆ రోజు కనిపించిన తేలికను నేను మరచిపోలేను. ఆ తర్వాత సంగతులు నెమ్మదిగా జరిగాయి, కానీ మొదటి మార్పు ఆ మాటతోనే.

మీరు నేర్పేవాటిలో ఇది ఉంటుందా? ఇంటివాళ్లతో ఏం చెప్పాలో కూడా నేర్పుతారా?

లీడ్స్‌తెలుగు
బుధవారం, ఉదయం 5:30

తప్పకుండా ఉంటుంది గడపలోదీపం గారూ. మీరు చెప్పింది ఐపీటీ తొలి దశలో చేసే పనే. జబ్బుకు పేరు పెట్టడం, అది మీ తప్పు కాదనీ నయమవుతుందనీ చెప్పడం, తాత్కాలికంగా కొన్ని బాధ్యతల నుంచి మినహాయింపు ఇవ్వడం. శిక్షణలో దీన్ని ఒక లాంఛనంలా దాటేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. నర్సు నోట ఈ మాటకు ఉండే బరువు నాలాంటివాళ్ల మాటకు ఉండదు. తెల్లకోటు, యూనిఫామ్ చెబితే ఇంటివాళ్లు వింటారు.

తొలి దశలోనే ఇంకో పని: రోగి చుట్టూ ఎవరెవరు ఉన్నారో పటం గీయడం. ఒకదానిలో ఒకటిగా మూడు వలయాలు, మధ్యలో రోగి. అందరికంటే దగ్గరివారు లోపలి వలయంలో. మీ కేంద్రాల్లో ఓపీ చీటీ వెనుక గీసినా చాలు. ‘ఒక ఏడాది క్రితం ఇదే పటం గీస్తే ఎవరు ఎక్కడ ఉండేవారు?’ అని అడగండి. లోపలి వలయంలో ఉన్న పేరు ఒకటి బయటికి జరగడమో, మాయమవడమో కనిపిస్తుంది. ఎక్కువసార్లు పని మొదలుపెట్టాల్సిన చోటు అదే.

సైకియాట్రీపీజీ
బుధవారం, ఉదయం 8:45

శీర్షికలో లేకపోయినా ప్రతిపాదనలో ఆందోళన కూడా ఉంది కాబట్టి ఒక హెచ్చరిక. ఐపీటీ కుంగుబాటు కోసం పుట్టింది. 2016లో పిమ్ కైపర్స్ బృందం 90 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు ఆందోళన రుగ్మతల్లో కూడా మంచి ఫలితం కనిపించింది, ఆలోచనలను, అలవాట్లను మార్చే సీబీటీ చికిత్స కంటే తక్కువని తేలలేదు. కానీ అన్ని ఆందోళనలూ ఒకటి కావు. నలుగురిలో మాట్లాడాలంటే వణికిపోయే సామాజిక ఆందోళనలో, జర్మనీలో 2011లో వచ్చిన అధ్యయనంలో ఆలోచనల తీరు మీద పనిచేసే కాగ్నిటివ్ థెరపీయే ముందుంది. ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం) అయితే అసలు ఐపీటీ జోలికి వెళ్లవద్దు, ఆ మనిషిని మా దగ్గరికి పంపండి. మరోవైపు 2015లో న్యూయార్క్‌లో మార్కోవిట్జ్ బృందం పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత వెంటాడే మానసిక ఇబ్బంది) ఉన్నవారితో పనిచేసి, భయానక జ్ఞాపకాలను నేరుగా ఎదుర్కొనేలా చేసే చికిత్సకు ఐపీటీ తీసిపోదని చూపింది. కుంగుబాటు, ఆందోళన రెండూ కలిసి ఉన్నవారు మన ఓపీల్లో ఎక్కువ. నర్సులకు వారిని అప్పగించవచ్చు. మిగతా ఆందోళన రకాలు పైకి పంపాలి. ముసాయిదాలో ఈ గీత స్పష్టంగా ఉండాలి.

రాత్రిడ్యూటీ
బుధవారం, రాత్రి 9:50

ఇవాళ టీకాల రోజు, ఇప్పుడే కూర్చున్నాను. అందరి మాటలూ చదివాను. నన్ను వేధిస్తున్న ప్రశ్న ఒకటి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో దెబ్బలు తినేవాళ్లు ఉన్నారు. చేతి మీద కమిలిన గుర్తు చూపించి ‘బాత్‌రూంలో జారిపడ్డాను’ అంటారు. అలాంటి మనిషికి ‘ఇంకోలా అడిగి చూడండి’ అని నేర్పితే, ఆమె ఇంటికి వెళ్లి అడిగితే, ఆ రాత్రి ఏం జరుగుతుంది?

మంజీరతీరం
బుధవారం, రాత్రి 10:30

సిస్టర్, ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. హింస ఉన్న చోట సంభాషణ విశ్లేషణ, విభేదాల పరిష్కారం మొదలుపెట్టకూడదు. ముందు భద్రత. ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి, వెంట వచ్చినవారిని బయట కూర్చోబెట్టాలి. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఎక్కడుందో, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఏమిటో చెప్పాలి. చేతికి కాగితం ఇస్తే అది ఇంట్లో దొరికిపోతుంది కాబట్టి నంబరు నోటితోనే గుర్తుంచుకునేలా చేయాలి. ‘సర్దుకుపో’ అని ఏ రూపంలోనూ అనకూడదు. కాపురం నిలబెట్టడం చికిత్స చేసేవారి పని కాదు. విభేదం ఏ దశలో ఉందో ఐపీటీలో చూస్తాం: ఇంకా మాట్లాడుకుంటున్నారా, మాటలు ఆగిపోయి బిగుసుకుపోయిందా, విడిపోయే దాకా వచ్చిందా అని. మూడోది కూడా ఒక న్యాయమైన ముగింపే. శిక్షణలో ఒక పూట పూర్తిగా దీనికే ఇవ్వాలి.

నిర్వాహకులు
గురువారం, ఉదయం 8:00

చర్చ చాలా ఉపయోగంగా సాగుతోంది. సభ్యులకు ఒక వినతి: రోగుల ఊరు, వయసు, ఉద్యోగం వంటి గుర్తుపట్టే వివరాలు రాయకండి. చదువుతున్నవారిలో ఎవరికైనా చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. రోజంతా అందుబాటులో ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

తూర్పుకనుమ
గురువారం, మధ్యాహ్నం 1:15

ముసాయిదా తిరగరాశాను. మీ మాటలతో మారినవి చెబుతాను.

ప్రతి కేంద్రం నుంచి ఒకరిని పంపాలన్న నిబంధన తీసేశాను. ఇష్టపడి ముందుకు వచ్చినవారినే తీసుకుంటాం, ఒక్కో కేంద్రం నుంచి ఇద్దరేసి. ఒకరు బదిలీ అయినా ఇంకొకరు మిగులుతారు. ఒకరు సెషన్‌లో ఉంటే రెండోవారు కౌంటరు చూస్తారు. వారానికి ఒక మధ్యాహ్నం ఆ ఇద్దరికీ వేరే పని అప్పగించకూడదని రాశాను. సంతకం పెట్టించడం కష్టమే, అయినా ఇది లేకుండా నేను మొదలుపెట్టను.

అందరికీ 16 సెషన్ల ఐపీటీ నేర్పే ఆలోచన మానుకున్నాను. క్లెర్మన్, వైస్మన్‌లే ప్రాథమిక వైద్య కేంద్రాల నర్సుల కోసం దీన్ని కుదించి, గరిష్ఠంగా 6 సెషన్ల ఇంటర్‌పర్సనల్ కౌన్సెలింగ్‌గా మలిచారు. 1987లోనే దాని మీద అధ్యయనం వచ్చింది. మనం దానితో మొదలుపెడతాం. అది చేసి నిలదొక్కుకున్నవారికి రెండో ఏడాది బృంద ఐపీటీ నేర్పుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, కొలంబియా విశ్వవిద్యాలయం కలిసి 2016లో తెచ్చిన బృంద ఐపీటీ చేతిపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ముందు ఒక్కొక్కరితో విడిగా ఒక సమావేశం, తర్వాత 8 బృంద సమావేశాలు. ప్రతిసారీ పీహెచ్‌క్యూ-9 అడుగుతారు. సమయం తక్కువ ఉన్న మన కేంద్రాలకు బృందమే సరిపోతుందని నా అంచనా. మొదటి బృందాలు బాలింతలవే.

సర్టిఫికెట్ తరగతుల చివర ఇవ్వం. పర్యవేక్షణలో రెండు కేసులు పూర్తి చేసి, కనీసం కొన్ని సెషన్లు వినిపించినవారికే. దాని మీద ‘థెరపిస్టు’ అన్న మాట ఉండదు.

సైకియాట్రీపీజీ
గురువారం, మధ్యాహ్నం 3:00

ఈ రూపంలో అయితే నా మద్దతు ఉంటుంది. నెలకు ఒక పర్యవేక్షణ సమావేశానికి నేను ఆన్‌లైన్‌లో వస్తాను, మా ప్రొఫెసరు గారితో మాట్లాడి అనుమతి తీసుకుంటాను. బైపోలార్‌ను పసిగట్టే ప్రశ్నల మీద ఒక గంట పాఠం కూడా చెబుతాను. సెషన్ల ముగింపు గురించి కూడా నేర్పండి. ఆరో సెషన్‌లో ‘ఇంక రానక్కర్లేదు’ అని ఒక్కసారిగా చెబితే అప్పటిదాకా ఆసరాగా ఉన్న మనిషి మళ్లీ పోయినట్టు రోగికి అనిపిస్తుంది. నాలుగో సెషన్ నుంచే ముగింపు మాట ఎత్తాలి.

లీడ్స్‌తెలుగు
గురువారం, సాయంత్రం 5:40

రికార్డింగుల గురించి: సొంత ఫోన్లలో వద్దు. కేంద్రం పేరున ఒక చిన్న రికార్డరు పెట్టండి, రోగి సంతకంతో అనుమతి తీసుకోండి, పర్యవేక్షకులు విన్న వెంటనే చెరిపేయండి. రోగి వద్దంటే వద్దే, చికిత్స మాత్రం ఆగకూడదు. అలాంటప్పుడు అదే సంభాషణను నర్సు, పర్యవేక్షకులు మళ్లీ నటించి చూడవచ్చు. తెలుగు రికార్డింగులు వినే మనుషులు మీకు తక్కువగా ఉంటే నన్ను అడగండి, శనివారాలు ఖాళీగా ఉంటాను. అయితే రికార్డింగు దేశం దాటి పంపకండి, నేనే ఆన్‌లైన్‌లో మీతో కూర్చుని మీ దగ్గర మోగించింది వింటాను.

రాత్రిడ్యూటీ
గురువారం, రాత్రి 8:10

నా పేరు రాసుకోండి. మా కేంద్రం నుంచి సీహెచ్‌ఓ కూడా వస్తానంది.

రెండు చిన్న సంగతులు. వారపు పర్యవేక్షణ బుధవారం, శనివారం పెట్టకండి, అవి మాకు టీకాల రోజులు. గురువారం మూడు గంటల తర్వాత అయితే ఓపీ తగ్గుతుంది. మా దగ్గర వేరే గది లేదు, టీకాల గదినే వాడాలి. దాని తలుపుకు గడియ లేదు. అది బిగించడానికి ఆసుపత్రి అభివృద్ధి నిధి నుంచి డబ్బు ఇప్పించమని మా డాక్టరు గారికి రేపే అర్జీ పెడుతున్నాను. మీ ముసాయిదాలో కూడా ‘తలుపు మూసుకునే గది’ అని ఒక వాక్యం చేర్చండి సార్, అప్పుడు మా అర్జీకి బలం వస్తుంది.

తూర్పుకనుమ
గురువారం, రాత్రి 8:25

చేర్చాను సిస్టర్. గురువారం మూడు గంటలకే ఖాయం చేస్తున్నాను.